ఇంకా, ఇంక, ఇక: ఏది ఎక్కడ రాయాలి?

ఒకసారి ఫ్రెండ్‌కి ‘ఇంకా బయల్దేరుతున్నా’ అని మెసేజ్ పెడితే, వాడు వెంటనే ఫోన్ చేసి ‘గంట నుంచీ బయల్దేరుతూనే ఉన్నావా?’ అని అరిచాడు. నేను రాద్దామనుకున్నది ‘ఇంక బయల్దేరుతున్నా’. దీర్ఘం ఒకటి ఎక్కువ పడిందంతే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేటప్పుడు రెంటికీ ఒకటే స్పెల్లింగ్ కాబట్టి ఈ తికమక మామూలైపోయింది గానీ, నోటితో అనేటప్పుడు మాత్రం దాదాపు ఎవరూ తప్పరు.

ముందు నుంచీ ఉన్నది ఆగలేదన్నా, ఉన్నదానికి మరికాస్త కలుస్తోందన్నా ‘ఇంకా’. ఇంకా వాన పడుతోంది, ఇంకా రెండు పేజీలున్నాయి, ఇది ఇంకా బాగుంది. ‘ఇక’ అలా కాదు, అక్కడిదాకా జరిగినదానికి గీత గీసేస్తుంది: ఇక పడుకో, ఇక చాలు. మాటల్లో దాన్నే ‘ఇంక’ అంటాం. ఇకపై, ఇకనుంచి లాంటివాటి జోలికి ‘ఇంకా’ రాదు.

అనుమానం వస్తే మాట మార్చి చూడండి. ఆ చోట ‘ఇప్పటికీ’ గానీ ‘మరింత’ గానీ అతికితే ఇంకా. ‘సరే’ గానీ ‘ఇకమీదట’ గానీ అతికితే ఇక.

అసలు ప్రమాదమంతా ‘లేదు, కాదు, వద్దు’ల దగ్గర. ‘ఇంకా రాలేదు’ అంటే ఎదురుచూస్తున్నాం, ‘ఇక రాడు’ అంటే ఆశ వదిలేశాం. ‘ఇంకా మాట్లాడలేదు’ అంటే మాట్లాడడం మిగిలే ఉందని, ‘ఇంక మాట్లాడకు’ అంటే నోరు మూసుకోమని. ఇక ‘ఆయన ఇక లేరు’ అంటే చనిపోయారనే అర్థం, కాబట్టి మేనేజరు పెందలాడే ఇంటికెళ్ళారని చెప్పడానికి గ్రూపులో ‘సార్ ఇక లేరు’ అని పెట్టకండి, దండలు పట్టుకుని వచ్చేస్తారు.

ఇంకో చిక్కుంది. పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే ‘ఇంకా’, ‘ఇంక’ రెండూ దానితో కలిసిపోయి ఒకేలా కనిపిస్తాయి. ‘ఇంకెవరు వస్తారు?’ అన్నది మిగతావాళ్ళ పేర్లు అడగడమూ కావచ్చు, రాత్రి పన్నెండయింది ఇప్పుడెవరొస్తారని నిట్టూర్చడమూ కావచ్చు. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తెలిసిపోతుంది. రాతలో ఆ సాయం లేదు కాబట్టి విడదీసి ‘ఇంకా ఎవరు వస్తారు?’ అనో ‘ఇక ఎవరు వస్తారు?’ అనో రాసేయండి.