పాత అమెరికన్ కార్బైన్ల చిక్కులు: మార్చింది సైన్యమా, బేరగాడా?

గన్ షోలో బల్ల మీద పడుకోబెట్టిన పాత కార్బైన్ మీద మనసు పడటం తేలిక. ఇంటికి తెచ్చి పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఏదో ఒకటి కుదరదు. అక్కడ మొదలవుతుంది టెన్షన్. గుర్రపు దళాల కోసం పొట్టిగా చేసిన ఈ తుపాకుల్లో చాలావాటిని అమెరికా అంతర్యుద్ధం (1861-65) అయ్యాక సైన్యమే విప్పి మార్చింది. ఆ తర్వాత వ్యాపారులూ చెయ్యి వేశారు. మొదటి రకం మార్పు చరిత్ర. రెండో రకం మోసం, లేదంటే కక్కుర్తి. ఏది ఏదో పోల్చుకోవడమే అసలు పని.

సీరియల్ నంబర్ ముందు ‘సి’ ఉంది. కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం) తుపాకీయేనా?

కాదు. ఈ కార్బైన్లు చేసిన షార్ప్స్ కంపెనీ నంబర్లు లక్ష దాటాక, ఆ లక్షకు బదులు ‘సి’ అని కొట్టింది. సి 12,345 అంటే 1,12,345 అన్నమాట. దక్షిణాది వాళ్ళు రిచ్‌మండ్‌లో షార్ప్స్‌కు నకళ్ళు చేసిన మాట నిజమే. కానీ వాటిలో మొదట వచ్చినవాటి మీద ఎస్.సి. రాబిన్సన్ పేరు ఉంటుంది. ఈ ఒక్క అక్షరం చూపించి రేటు పెంచితే నవ్వేసి పక్క బల్లకు వెళ్ళండి.

గొట్టం లోపల ఆరు గాడులుండాలి, మూడే ఉన్నాయి

స్పెన్సర్ (ఇదీ ఆ యుద్ధకాలపు కార్బైనే) లో గానీ షార్ప్స్‌లో గానీ ఇది కనిపిస్తే కంగారు పడకండి. యుద్ధం తర్వాత సైన్యం 0.52 అంగుళాల గొట్టాల్లోకి మూడు గాడుల లోపలి గొట్టం దూర్చి 0.50కి తగ్గించింది. స్పెన్సర్ అయితే ట్రిగ్గర్ ముందు చిన్న తిప్పుడు మీట కూడా ఉండొచ్చు. దాన్ని స్టేబ్లర్ కటాఫ్ అంటారు. వెనక గొట్టంలోని ఏడు తూటాలను దాచుకుని, ఒక్కొక్కటిగా చేత్తో పెట్టి కాల్చుకోవడానికి పెట్టారు. కర్రకు (తుపాకీ చెక్క భాగానికి) ఎడమ పక్క చూడండి. స్పెన్సర్ మీద ‘ఈఎస్ఏ’, షార్ప్స్ మీద ‘డీఎఫ్‌సీ’ ముద్ర ఉంటే అది ప్రభుత్వం చేయించిన పనే. షార్ప్స్‌ కార్బైన్లను సుమారు 31,000 దాకా ఇలా 50-70 (0.50 అంగుళాల గుండు, 70 గ్రెయిన్ల నల్లమందు) లోహపు తూటాకు మార్చారు.

ఏం చేయాలి? ఏమీ చేయకండి. ‘1863 నాటి రూపం తెప్పిస్తాను’ అని కటాఫ్ పీకేసేవాళ్ళు ఉంటారు. అలా పీకితే ఉన్న చరిత్రా పోతుంది, కోరుకున్న చరిత్రా రాదు. అమ్మేవాడు మాత్రం ‘యుద్ధం నాటిది, ఎవరూ ముట్టలేదు’ అంటే ముద్ర మీద వేలు పెట్టి బేరం ఆడండి.

1873 ట్రాప్‌డోర్: నంబర్ చిన్నదే, కానీ ఏదో తేడాగా ఉంది

ట్రాప్‌డోర్ అంటే తూటా పెట్టడానికి పైకి తెరుచుకునే తలుపులాంటి మూత ఉన్న తుపాకీ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నా మొదటి ట్రాప్‌డోర్‌తో నేనూ తిన్నాను. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం రైఫిళ్ళకూ కార్బైన్లకూ ఒకే వరుసలో నంబర్లు వేసింది. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో, స్థానిక తెగల చేతిలో ఓడిపోయిన అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం చేతిలో ఉన్నవి ఈ కార్బైన్లే కాబట్టి, అంతకుముందు తయారైన చిన్న నంబర్లకు గిరాకీ ఎక్కువ. చిన్న నంబర్ ఉన్న రైఫిల్‌ను రంపంతో కోస్తే కార్బైన్‌లా కనిపిస్తుంది, ధర కూడా ఎగబాకుతుంది.

రైఫిల్ గొట్టం సుమారు 32.6 అంగుళాలు, కార్బైన్‌ది 22. కొలత సరిపోయినంత మాత్రాన నమ్మకండి, కోసేవాడికీ టేపు ఉంటుంది. తిరగేసి ముందు కర్ర అడుగు చూడండి. రైఫిల్‌కు అక్కడ శుభ్రం చేసే కడ్డీ పట్టే గాడి ఉంటుంది, కార్బైన్‌కు ఉండదు. ఆ గాడిలో కట్టె ముక్క అతికించి రంగు పూస్తారు. చెక్క నార గీతలు తెగి, మళ్ళీ మొదలైతే పట్టేసినట్టే. తర్వాత ముందు సైటు (గురి చూసే ముక్క) చూడండి. కోసిన గొట్టం మీద కొత్తగా అతికించాల్సిందే కాబట్టి, భూతద్దంతో చూస్తే టంకం అంచు దొరుకుతుంది. ఎడమ పక్క జీను ఉంగరం కమ్మీ (గుర్రపు రౌతు తుపాకీని తగిలించుకునే ఉంగరం ఉండే కడ్డీ) పాత కర్రలో చక్కగా ఒదిగి ఉండాలి. దాని చుట్టూ తాజా చెక్క తెల్లగా కనిపిస్తే అనుమానించండి. 1879 రకం వెనక సైటు మీద ‘ఆర్’ అని ఉంటే అది రైఫిల్ సైటు.

ఇంకో మెలిక ఉంది. చిన్న నంబర్ ఉండి, బట్ ప్లేటుకు (కర్ర వెనక చివరి ఇనుప బిళ్ళకు) చిన్న తలుపు ఉందనుకోండి. కడ్డీ ముక్కలు దాచుకునే ఆ తలుపు కార్బైన్లకు 1877లో వచ్చింది. అంటే కర్ర తర్వాతిది. ఇది ఆయుధాగారమే మార్చి ఉండొచ్చు, తుపాకీ నకిలీది కానక్కర్లేదు. కానీ ‘కస్టర్ నాటిది’ అనే ధర మాత్రం దీనికి చెల్లదు.

ముద్ర మసకగా ఉంది, కర్ర మాత్రం మెరుస్తోంది

ఎవరో ఉప్పుకాగితంతో రుద్దారు. మొదట్లో కర్ర ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. లాక్ ప్లేటు (పక్కనుండే ఇనుప పలక) అంచు మీద గోరు పోనివ్వండి. కర్ర కిందికి దిగి ఉంటే రుద్దారని అర్థం. దీనికి మందు లేదు, ధర తగ్గించుకోవడమే.

ఎర్ర తుప్పు

పల్చటి నూనె రాసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, కంచు ఊలుతో మెల్లగా రుద్దండి. ఎర్రది పోవాలి, గోధుమ రంగు పొర మిగలాలి. వైరు బ్రష్షు, కొత్త బ్లూయింగ్ (ఇనుముకు నీలినలుపు పూత) జోలికి వెళ్ళకండి. స్క్రూ గాడికి కచ్చితంగా సరిపోయే డ్రైవర్ లేకపోతే తుపాకీ విప్పకండి.

కాల్చాక తూటా ఖాళీ తొడుగు మందు గదిలో (తూటా కూర్చునే చోట) ఇరుక్కుపోతోంది

1876లోనూ ఇదే ఫిర్యాదు. ఆనాటి మెత్తని రాగి తొడుగులు వేడికి అతుక్కుపోతే సైనికులు కత్తితో పెకలించాల్సి వచ్చింది. ఇప్పుడు ఇత్తడివి దొరుకుతాయి. మసి గట్టిపడితే అవీ ఇరుక్కుంటాయి కాబట్టి మందు గదిని శుభ్రం చేయండి. కార్బైన్‌కు ఆనాడు వేసింది 55 గ్రెయిన్ల నల్లమందు, రైఫిల్‌కు 70. కొత్త రైఫిళ్ళ కోసం చేసే బలమైన 45-70 తూటా మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ముందు ఒక గన్‌స్మిత్‌కు చూపించాకే కాల్చండి.

హైదరాబాద్‌లో ఇంటి గోడకు తగిలించుకోవచ్చా?

అమెరికా 1968 చట్టంలో 1898 వరకూ తయారైనవి యాంటిక్‌లు (పాతవస్తువుల లెక్క). 1899 క్రాగ్ (తర్వాతి సైనిక రకం) కార్బైన్ ఆ గీత దాటిపోతుంది. అక్కడి నుంచి ఇండియాకు తెచ్చుకుంటే లెక్క వేరు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు, మరమ్మతు చేసినా కాల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకే. పేలే ట్రాప్‌డోర్‌కు వయసు ఎంతున్నా లైసెన్సు ప్రశ్న తప్పదు. సామాన్లు సర్దుకునేముందే లాయర్‌ను అడగండి.