గోల్డ్ ఫిష్ మేత ముట్టకపోతే, మరీ ఆవురావురుమంటే

దుకాణం నుంచి కవర్లో తెచ్చిన గోల్డ్ ఫిష్ మొదటిరోజు మేత ముట్టకపోతే కంగారుపడి మందులు వేయకండి. వలలో పట్టడం, బండి కుదుపులు, కొత్త నీళ్ళు అన్నీ కలిసి దాని ఒంట్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను పెంచుతాయి. అది తగ్గేదాకా ఆకలి పుట్టదు. కవరును 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, చేపను మాత్రమే వదలండి. ఆరోజు లైటూ వద్దు, మేతా వద్దు. మర్నాడు చేపకు రెండు మూడు గుళికలు చాలు.

గుళికను ఉమ్మి మళ్ళీ అందుకుంటే భయం లేదు, అది తినే తీరే అంత. ఉమ్మేసి అటు తిరిగి కూడా చూడకపోతేనే నీళ్ళను అనుమానించాలి. హైదరాబాద్‌లో మొదటి అనుమానం నల్లా నీళ్ళలోని క్లోరిన్ మీదే. నీళ్ళు బకెట్లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి 24 గంటలు ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ వాడండి. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడిగితే అందులో అమ్మోనియాను (చేప వదిలే విష వ్యర్థం) హరించే మంచి బాక్టీరియా చచ్చి, అది పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా కనిపిస్తే 30 శాతం నీళ్ళు మార్చి, మేత ఆపండి.

ఎక్కువ చేపలు పోయేది మాత్రం అతి మేత వల్లే. మేత వేళకు ముందు గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది. అది ఆకలినే కాదు, కదలికనూ పెంచుతుంది, అందుకే చేప అద్దం దగ్గర గింగిరాలు తిరుగుతుంది. గోల్డ్ ఫిష్‌కు జీర్ణాశయం లేదు. మేత పేగులోకి దిగాకే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ ఊరి ఆకలిని అణుస్తుంది, ఈలోగా మీరు వేసిందల్లా తింటుంది. రోజూ ఒకే వేళల్లో రెండుసార్లు, 2 నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. చీకట్లో పెరిగే మెలటోనిన్ హార్మోన్ దాని తిండిని తగ్గిస్తుంది కాబట్టి, రెండో మేత లైటు ఆర్పడానికి రెండు గంటల ముందే అయిపోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో చేప పైకొచ్చి నోరు తెరిస్తే ఆకలనుకోవద్దు. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అప్పుడు మేత వేస్తే అరిగించుకోవడానికి ఇంకా ఆక్సిజన్ కావాలి. మూత తీసి జాలీ కప్పి, నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఐసుగడ్డలు మాత్రం వేయకండి, ఉన్నట్టుండి చల్లబడితే కార్టిసాల్ మళ్ళీ లేస్తుంది.

మొప్పల మూతల మీద తెల్లటి గింజల్లాంటివి ఉన్న చేప ఇంకోదాన్ని తరుముతుంటే అది కొట్లాట కాదు. గుడ్లకొచ్చిన ఆడచేప నీళ్ళలోకి వదిలే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల వాసనకి మగచేప అలా వెంటపడుతుంది. ఆడచేప పొలుసులు రాలుతుంటే తొట్టి మధ్యలో జాలీ అడ్డం పెట్టండి.