రంగస్థల పాఠాలు - 4: చివరి మాట మింగొద్దు

పోయిన పాఠంలోని ఊపిరి సాధన కనీసం పది రోజులు చేసినవాళ్లే ఇది మొదలుపెట్టండి. ఈ పాఠం దాని మీదే నడుస్తుంది.

నాటకాల్లోకి వెళ్లిన కొత్తలో నాకు దక్కిన ఒకే ఒక్క డైలాగు: "నేను ఆ ఇంటికి వెళ్లను." ప్రదర్శన అయ్యాక, వెనక వరుసలో కూర్చున్న మా మేనమామ వచ్చి, "ఏరా, ఇంతకీ వెళ్తానన్నావా, వెళ్లనన్నావా?" అన్నాడు. "ఇంటికి" దాకా గొంతు చించుకుని అరిచాను. అక్కడికి ఊపిరి అయిపోయింది. అసలు మాట మింగేశాను.

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. అవునో కాదో, నిన్నో రేపో, వచ్చింది ఆడో మగో, అన్నీ ఆ ఒక్క మాటే తేలుస్తుంది. నవ్వు కూడా చాలాసార్లు అక్కడే పుడుతుంది. "మా బావ వంట నేర్చుకున్నాడండీ. ఆదివారం మా అందరికీ వండిపెట్టాడు. సోమవారం అందరం సెలవు పెట్టాం." ఇందులో "సెలవు పెట్టాం" వినపడకపోతే ఎవరు నవ్వుతారు?

అందుకని వాక్యాన్ని తోక నుంచి పట్టుకుందాం. గట్టిగా, అరవకుండా, ఒక్కో వరుస ఒక్కో ఊపిరిలో చెప్పండి:

చెప్పలేదు.
ఎవరికీ చెప్పలేదు.
నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.
మా నాన్న ఈ సంగతి నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మొదటి వరుసలో "లేదు" ఎంత స్పష్టంగా పలికిందో, నాలుగో వరుసలోనూ అంతే పలకాలి. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, దాన్ని ముప్పై అడుగుల దూరంలో అరుగు మీద ఉంచి చూడండి. మొదటి రోజు వింటే సిగ్గేస్తుంది, ఫర్వాలేదు. రోజూ పేపర్లోంచి పది వాక్యాలు తీసుకుని ఇలాగే చేయండి.

పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, స్టేజీ మీద మైకులు వేలాడుతుంటాయి కదా, ఈ పాట్లెందుకు అంటారు కొందరు. మీరు మింగిన మాటను మైకు బయటికి లాగలేదు. పైగా ఇది ఒక్క రాత్రి వ్యవహారం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లను చూడండి. కుటుంబాలకు కుటుంబాలే తరతరాలుగా వేషాలు కడుతున్నాయి. ఊరూరా డేరా వేసుకుని ఆడేవాళ్లు మొదటి రాత్రే గొంతు పోగొట్టుకుంటే మర్నాటి ఆట ఎవరు ఆడతారు?

గొంతు బొంగురుపోతే సాధన ఆపేయండి. గుసగుసగా మాట్లాడటం కూడా వద్దు, దానివల్లా గొంతు అలసిపోతుంది. మిరియాల పాలు హాయిగా ఉంటాయి, అంతవరకే. మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

జనం నవ్వుతున్నప్పుడు ఎంతసేపు ఆగాలో వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోపు ఆ బావ వంట సంగతి ఇంట్లో ఎవరికైనా వినిపించండి. మీరు హాల్లో ఉండాలి, వాళ్లు వంటింట్లో ఉండాలి, కుక్కర్ విజిల్ వేస్తూ ఉండాలి.