సాగర్ గేట్లు చూడటానికి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

శ్రీశైలం నిండి, అక్కడ వదిలిన వరద కిందికి చేరి, నాగార్జునసాగర్ నీటిమట్టం 590 అడుగులకు దగ్గర పడిందని వార్త వస్తే చాలు, ఆ ఆదివారం హైదరాబాద్ నుంచి కార్లన్నీ అటే. ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇలా జరుగుతుంది. 26 గేట్లూ ఎత్తిన రోజు ఆ తెల్లటి నురగ, ఆ హోరు చూసి తీరాల్సిందే, తప్పకుండా వెళ్లండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఈ మాట ఇంటి దగ్గర బయలుదేరే ముందే, ముఖ్యంగా పదిహేను ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు, గట్టిగా చెప్పండి.

మాకు ఈత వచ్చు అంటారు. ఎగువన నీళ్లు చెరువులా నిలకడగా కనిపిస్తాయి కాబట్టి ఆ ధైర్యం వస్తుంది, కానీ అది కొండల మధ్య లోయ మునిగి ఏర్పడిన జలాశయం, మోకాలి లోతు ఉన్నచోటు నుంచి ఇంకో రెండడుగులు వేస్తే కాలికి నేల అందకపోవచ్చు. అడుగున ఒండ్రు, మునిగిన రాళ్లు. మెట్ల మీద పాకుడు సంగతి సరేసరి. మా అక్క కొడుకు నీళ్లలో పడిన చెప్పు తీద్దామని వంగి జారాడు, పక్కనున్న పెద్దాయన చొక్కా పట్టి లాగాడు కాబట్టి సరిపోయింది.

దిగువ వైపు ఇంకా ప్రమాదం. గేట్లు మూసి ఉన్నప్పుడు బండలు తేలి కనిపిస్తాయి, ఫొటోల కోసం వాటి మీదికి వెళ్తారు. పైన గేటు ఎత్తినా, పవర్‌హౌస్‌లో కరెంటు ఉత్పత్తి మొదలైనా నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి, వెనక్కి వచ్చే దారి ముందు మునుగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర జరిగింది ఇదే. ఎగువన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది పోయారు. వాళ్లు నదిలో ఈతకు దిగినవాళ్లు కూడా కాదు, ఒడ్డున ఫొటోలు తీసుకుంటున్న పిల్లలు. సైరన్ వినిపిస్తే సామాన్లు సర్దుకోకండి, చెప్పులూ సంచులూ అక్కడే వదిలేసి పైకి రండి.

జలాశయం మధ్య దీవిలో మ్యూజియం ఉన్న నాగార్జునకొండ చూడాలంటే లాంచీ ఎక్కాలి. శుక్రవారం మ్యూజియం ఉండదు, ఆ రోజు పెట్టుకోకండి. గాలి ఎక్కువగా ఉన్నా, వరద ఉద్ధృతంగా ఉన్నా లాంచీలు ఆపేస్తారు, ఇంత దూరం వచ్చామని అక్కడి సిబ్బందితో గొడవ పడొద్దు, ప్రైవేటు పుట్టిలోనో పడవలోనో వెళ్దామని అసలే అనుకోవద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది మన కళ్ల ముందే కదా. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకుంటే లాభం లేదు, బకిల్స్ అన్నీ బిగించాలి. పిల్లలకు వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది వాళ్ల సైజు కాదు, చిన్నది అడగండి. సెల్ఫీ కోసం అందరూ ఒకవైపుకే వెళ్లొద్దు.

ఎత్తిపోతల జలపాతం సాగర్‌కు 11 కిలోమీటర్లే, చాలామంది అదీ చూస్తారు. వ్యూ పాయింట్ నుంచే చూడండి. అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఉందని మరిచిపోవద్దు.

ఒకవేళ ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దూకేయకండి, కాపాడబోయినవాళ్లు కూడా పోయిన సంఘటనలు మన దగ్గర లెక్కలేనన్ని. చీర, తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది విసరండి, గట్టిగా అరవండి, 112కి ఫోన్ చేయండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఇస్తూ, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకుండా చేయాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానని అన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు.