కార్డ్‌లెస్ మైకు గరగరమంటే ముందు ఆ లైటు చూడండి

పెళ్లిళ్లకి, హరికథలకి, గుడి ఉత్సవాలకి సౌండ్ పెట్టడం నా పని. కార్డ్‌లెస్ మైకు మొరాయిస్తోందని ఫోన్ చేసినవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే. మైకు ఆపేసి, రిసీవర్ (మైకు సిగ్నల్‌ని అందుకునే పెట్టె) మీద ఆర్‌ఎఫ్ లైటు, అంటే సిగ్నల్ అందుతోందని చూపే లైటు, చూశారా? చూశామనే జవాబు చాలా అరుదుగా వస్తుంది. బ్యాటరీ మార్చి ఉంటారు, వైరు మార్చి ఉంటారు, మిక్సర్‌లో ఛానల్ కూడా మార్చి ఉంటారు. ఆ లైటు మాత్రం చూడరు. పట్టుమని పది సెకన్ల పని కూడా కాదు.

మైకు ఆపగానే ఆ లైటు ఆరిపోవాలి. ఆరలేదంటే అదే ఫ్రీక్వెన్సీలోకి ఇంకేదో వస్తోందని అర్థం. పక్క మండపంలోని మైకు కావచ్చు, మీ మైకే ఇంకొకటి కావచ్చు. అప్పుడు మైకు ఎన్నిసార్లు విప్పి బిగించినా లాభం లేదు, ఫ్రీక్వెన్సీ మార్చాల్సిందే.

నడుస్తుంటే మాట తెగిపోతోంది

లైటు సరిగ్గానే ఆరుతోంది, కానీ మనిషి కదిలితే మాట తెగుతోంది. అంటే మైకుకీ రిసీవర్‌కీ మధ్య ఏదో అడ్డముంది. చాలాసార్లు ఆ అడ్డం మనుషులే. మన ఒంట్లో ఉన్న నీరు ఈ సిగ్నల్‌ని బాగా పీల్చేస్తుంది. రిసీవర్‌ని టేబుల్ కిందా, యాంప్లిఫయర్ల వెనకా పెట్టకండి. జనం తలల కంటే ఎత్తులో, స్టేజీ కనిపించేలా పెట్టి, యాంటెన్నాలు రెండూ వి ఆకారంలో విప్పండి. ఎల్‌ఈడీ వాల్ ఉంటే దాని వెనక అసలే వద్దు, ఆ పలకల్లోని పవర్ సప్లైలే బోలెడంత గోల పుట్టిస్తాయి.

చేతి మైకుకి చాలా మోడళ్లలో యాంటెన్నా కింది చివర ఉంటుంది. పాడేవాళ్లు సరిగ్గా అక్కడే పిడికిలి బిగిస్తారు. బెల్ట్ ప్యాక్ (కాలర్, క్లిప్ మైకుల సిగ్నల్ పంపే, నడుముకి కట్టే పెట్టె) అయితే యాంటెన్నాని మడిచి పంచె ముడిలోకి తోసేస్తారు. హరికథ దాసుగారు ఇటు తిరిగితే పలికి, అటు తిరిగితే ఆగిపోయే మైకుల్లో సగం కేసులు ఇవే. ప్యాక్ రిసీవర్ వైపు ఉండేలా, యాంటెన్నా వేలాడేలా కడితే సరిపోతుంది.

గిటారుకో వయొలిన్‌కో గుచ్చే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ సెట్లది వేరే కథ. రిహార్సల్‌లో బాగా పలికి, హాలు నిండాక తెగుతాయి. వైఫై, బ్లూటూత్ కూడా అదే బ్యాండులో నడుస్తాయి, వచ్చిన ప్రతి ఒక్కరి జేబులో ఫోన్ ఉంటుంది. రిసీవర్‌ని వాయించేవారికి రెండు మూడు మీటర్ల దూరంలోకి తెచ్చుకోండి. మిక్సర్ దగ్గర మీరు పెట్టుకున్న వైఫై రూటర్ ఉంటే దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

విడివిడిగా బాగున్నాయి, అన్నీ కలిస్తే గరగర

నన్ను బాగా దెబ్బతీసింది ఇది. ఒక పెళ్లికి నాలుగు మైకులు పెట్టాను: పంతులుగారికి కాలర్ మైకు, సన్నాయికి క్లిప్ మైకు, డోలుకి ఒకటి, పాటలవాళ్లకి చేతి మైకు. పొద్దున్నే ఒక్కోటీ ఆన్ చేసి వన్ టూ త్రీ చెప్పి చూశాను. అన్నీ అద్దంలా ఉన్నాయి. జీలకర్ర బెల్లం వేళకి మేళం అందుకుంది, పంతులుగారి మంత్రం గరగరలో మునిగిపోయింది. బ్యాటరీ మార్చాను, కాలర్ మైకు మార్చాను, చివరికి ప్యాకే మార్చి అదే ఫ్రీక్వెన్సీ పెట్టాను. గరగర అలాగే ఉంది. ఆ ముహూర్తం మళ్లీ రాదు కదా. ఆ ఇంటివాళ్ల వీడియోలో మంత్రాలకి బదులు ఆ చప్పుడే ఉండిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తప్పు నేను అంకెలు ఎంచుకోవడంలో ఉంది. గుర్తుంటాయని 650, 651, 652, 653 మెగాహెర్ట్జ్ పెట్టాను. రెండు మైకులు దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాని సిగ్నల్ ఇంకొకదానిలోకి చొరబడి, రెండూ కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తాయి. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. వాటిలో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎక్కడ పడుతుందో లెక్క తేలికే: ఒకదాన్ని రెట్టింపు చేసి రెండోదాన్ని తీసేయాలి. 651 రెట్టింపు 1302, అందులోంచి 650 పోతే 652. అంటే మొదటి రెండు మైకులూ కలిసి నా మూడో మైకు నెత్తినే పడ్డాయి. ఎడం సమానంగా పెడితే ప్రతిసారీ ఇలాగే అవుతుంది.

ఇది పొద్దున దొరక్కపోవడానికి కారణం మనం టెస్ట్ చేసే పద్ధతే. ఒక్కో మైకునే ఆన్ చేస్తే రెండో సిగ్నల్ ఉండదు, గొడవ పుట్టదు. అందుకే ఇలా చేయండి. అన్ని మైకులూ ఆన్‌లో పెట్టి, రిసీవర్‌కి కనీసం మూడు మీటర్ల దూరంలో, ఒకదానికొకటి అడుగు ఎడంగా ఉంచండి. ఇప్పుడు ఒక్కదాన్నే ఆపి, దాని రిసీవర్ లైటు చూడండి. ఆరితే మంచిదే, దాన్ని మళ్లీ ఆన్ చేసి తర్వాతిదానికి వెళ్లండి. ఆరకపోతే మిగతావి ఒక్కోటీ ఆపుతూ రండి. ఏది ఆపినప్పుడు లైటు ఆరిందో అది ఈ గొడవలో ఉన్నట్టే. అన్నీ ఆపినా వెలుగుతుంటే గొడవ బయటిది.

పరిష్కారం, ఎడం సమానంగా లేకుండా చూసుకోవడం. 650, 651, 653, 657 అని పెట్టి పై లెక్క ఎన్ని రకాలుగా వేసినా ఫలితం ఆ నాలుగింటి మీదా పడదు. మీ సెట్ వేరే పరిధిలో ఉన్నా ఇవే ఎడాలు వాడొచ్చు. సెట్‌లోనే గ్రూపులు, ఛానళ్లు ఉంటే ఇంకా తేలిక: అన్నింటికీ ఒకే గ్రూపు, ఒక్కోదానికి ఒక్కో ఛానల్. ఆ లెక్క కంపెనీవాళ్లు ముందే వేసి పెట్టారు. అయితే ఒక బ్రాండ్ గ్రూపుకీ ఇంకో బ్రాండ్ గ్రూపుకీ సంబంధం ఉండదు. రెండు బ్రాండ్లు కలిపితే లెక్క మీరే వేసుకోవాలి. ఆటో స్కాన్ (ఖాళీ ఫ్రీక్వెన్సీని రిసీవరే వెతుక్కోవడం) చేసేటప్పుడు కూడా మొదటి రిసీవర్ స్కాన్ అయ్యాక దాని మైకు ఆన్‌లోనే ఉంచి, అప్పుడు రెండోది స్కాన్ చేయండి.

సన్నాయి పగిలినట్టు వినిపిస్తోంది

మిక్సర్ తగ్గించినా పగులు పోకపోతే అది ప్యాక్ దగ్గరే మొదలైంది. సన్నాయి గొంతు పెద్దది, ప్యాక్ మీద గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సర్దుబాటు) తగ్గించండి.

పాత సెట్ 700 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పలుకుతుంటే దాని మీద ఇంక డబ్బు పెట్టకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం వేసిన స్పెక్ట్రమ్ వేలంలో ఆ బ్యాండు 5జీకి వెళ్లిపోయింది. యాంటెన్నా లోపల విరగడం, రిసీవర్ బోర్డు పోవడం లాంటివి ఉంటాయి కానీ చాలా తక్కువ. మైకుల్ని అటూ ఇటూ మార్చి చూస్తే అవే బయటపడతాయి.

ఫ్రీక్వెన్సీ అంకె టేపు మీద రాసి ప్రతి మైకుకీ అంటించండి. పంతులుగారి పక్కన మాత్రం ఒక వైరు మైకు స్టాండుకి పెట్టి, మిక్సర్‌లో మ్యూట్ చేసి, ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) సరిచేసి ఉంచండి. గరగర మొదలైతే ఒక్క బటన్ నొక్కితే మంత్రం వినిపిస్తుంది.