ఇంట్లో ఇద్దరు ముగ్గురికి క్యాన్సర్ వచ్చిందా? జన్యు పరీక్షకు ముందు ఈ పనులు చేయండి

మా ఒంగోలు, కందుకూరు వైపు ఒకే ఇంట్లో ఇద్దరికి క్యాన్సర్ వస్తే చాలు, "వాళ్ల వంశంలోనే ఉంది" అని ఊరంతా అనేస్తారు, ఏం ఉందో మాత్రం ఎవరూ ఆరా తీయరు. నిజానికి పుట్టుకతో వచ్చేది క్యాన్సర్ కాదు. చాలా కుటుంబాల్లో అది డీఎన్ఏను బాగుచేసుకునే పనిలో ఒక లోపం.

మన ఒక్కో కణంలో డీఎన్ఏ రోజుకు వేలసార్లు దెబ్బతింటుంది. ఎండ, బీడీ సిగరెట్ల పొగ సరే, మనమేం చేయకపోయినా కణం లోపల జరిగే రసాయన చర్యలే బోలెడంత పాడుచేస్తాయి. డీఎన్ఏలోని రెండు పోగులూ ఒకేచోట తెగితే ఏటీఎం అనే ప్రోటీన్ పసిగట్టి పీ53 అనే ఇంకో ప్రోటీన్‌ని లేపుతుంది, పీ53 కణ విభజనను ఆపి రిపేరుకు టైమ్ ఇస్తుంది, ఇక బాగుపడదనుకుంటే ఆ కణం తనంతట తాను చనిపోయేలా చేస్తుంది. దాదాపు సగం క్యాన్సర్లలో ఈ పీ53 జన్యువే చెడిపోయి ఉంటుంది. తెగిన పోగుల్ని తప్పు లేకుండా అతికే పని బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులది. వీటిలో ఒక్కోదానికి అమ్మ నుంచి ఒక ప్రతి (కాపీ), నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒకటి పుట్టుకతోనే చెడినా రెండోది పని నడిపిస్తుంది, కానీ ఏ రొమ్ము కణంలోనో అండాశయ కణంలోనో ఆ రెండోదీ పోతే అక్కడ తప్పులు పేరుకుంటూ పోతాయి.

ఇక చేయాల్సిన పని. ఒక తెల్లకాగితం మీద మూడు తరాలు రాయండి, అమ్మ వైపు, నాన్న వైపు రెండూ. ఆడవాళ్ల జబ్బు కదా అని నాన్న వైపు వదిలేస్తారు, దయచేసి అలా చేయకండి, చెడిన ప్రతి నాన్న దగ్గరుంటే కొడుకుకైనా కూతురికైనా సగం అవకాశంతో అందుతుంది. ఎంతమందికి వచ్చిందన్నదానితో పాటు ఏ వయసులో, ఏ అవయవానికి అన్నది తప్పక రాయాలి. 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్, ఇవి కనిపిస్తే డాక్టర్ని తప్పకుండా అడగాలి. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే కుటుంబంలో ఉంటే అది వేరే రిపేరు జన్యువుల కథ, అదీ చెప్పండి.

"నాయనమ్మ కడుపులో గడ్డతో పోయింది" అంటే అక్కడితో ఆగకండి. పొట్టలో నీళ్లు చేరాయా, ఏ ఆసుపత్రిలో చూపించారు అని అత్తయ్యల్ని అడగండి. చెన్నై అడయార్‌లోనో వేలూరులోనో చూపించుకున్న పాత ఫైలు బీరువాలో ఉంటే అందులోని బయాప్సీ రిపోర్టు బంగారమే.

మేనరికాలు ఉంటే గీతలు గీసి మరీ చూపించండి. ఒకే చెడు ప్రతి తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఉంటే బిడ్డకు రెండూ చెడ్డవే అందొచ్చు, బీఆర్‌సీఏ2 విషయంలో అది చిన్న వయసులోనే ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన జబ్బవుతుంది.

జన్యు పరీక్షను మొదట క్యాన్సర్ వచ్చిన మనిషికే చేయించాలి. ఆరోగ్యంగా ఉన్న కూతురికి చేసి ఏమీ లేదని వస్తే, ఆమెకు నిజంగా అందలేదా, లేక ఆ ఇంట్లో కారణం ఇంకోటా అన్నది తేలదు. రక్తం నెల్లూరులో ఇచ్చినా పరీక్ష సాధారణంగా పెద్ద నగరం ల్యాబ్‌లో జరుగుతుంది, రిపోర్టుకు వారాలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని ఉంటే దాన్ని చూసి ఆపరేషన్‌కు పరుగెత్తకండి, అలాంటివి చాలావరకు తర్వాత హానిలేనివిగా తేలతాయి. హాని చేసే మార్పే అని తేలితే జబ్బు ఉన్నవాళ్లకు ఒలాపరిబ్ లాంటి మందు పనికొస్తుందేమో అడగండి, అది క్యాన్సర్ కణానికి మిగిలిన ఇంకో రిపేరు దారినీ మూసేసి చంపుతుంది. బీఆర్‌సీఏలో ఆ మార్పు ఉండీ ఇంకా జబ్బు రాని ఆడవాళ్లకు 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా సూచిస్తారు.

సంబంధాలు చెడిపోతాయని రిపోర్టు దాచేవాళ్లున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పెదనాన్న బాబాయిల పిల్లలకు ఫోన్ చేసి చెప్పండి, రిపోర్టు కాపీ వాట్సాప్‌లో పంపండి, ఎందుకంటే ఏ మార్పు కోసం వెతకాలో తెలిస్తే వాళ్ల పరీక్ష చాలా సులువుగా, తక్కువ ఖర్చుతో అయిపోతుంది.