ఆమిష్ నవల చేతికొస్తే ముందు చూడాల్సింది బాప్తిస్మం సంగతి

ఆమిష్‌లంటే అమెరికాలో గుర్రబ్బండ్లతో, సాదాసీదాగా బతికే ఒక క్రైస్తవ సమూహం. వాళ్ల ప్రేమకథ మొదటిసారి పట్టుకున్న మన పాఠకులు తొలి యాభై పేజీల్లోనే ఒక అంచనాకు వచ్చేస్తారు. అమ్మాయికి బయటి కుర్రాడు నచ్చాడు, నాన్న ససేమిరా అంటాడు, ఆఖర్న మెత్తబడతాడు అని. అలా చదివితే సగంలో విసుగొస్తుంది, ఎందుకంటే నాన్న మెత్తబడినా కథ తేలదు. అక్కడ అడ్డు నాన్న కాదు, ఆ అమ్మాయి సంఘం ముందు మోకరించి చేసిన ప్రమాణం. కాబట్టి మొదటి మూడు అధ్యాయాల్లో వెతకాల్సింది ఒక్కటే: ఆమె బాప్తిస్మం తీసుకుందా, లేదా?

ఆమిష్‌లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. 1525లో జ్యూరిక్‌లో మొదలైన ఆనబాప్తిస్టు ఉద్యమం వీళ్ల మూలం. 1693లో యాకబ్ అమ్మన్ వెలి విషయంలో పట్టుబట్టి విడిపోయాడు, ఆయన పేరే వీళ్లకు నిలిచింది. బాప్తిస్మం పెద్దయ్యాక, తెలిసి, కోరుకుని తీసుకోవాలి. చాలామంది పద్దెనిమిది, ఇరవై రెండేళ్ల మధ్య తీసుకుంటారు. అంతకుముందే వదిలి వెళ్లిపోతే ఇంట్లోవాళ్లు బాధపడతారు గానీ, తిరిగొచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెడతారు. తీసుకున్నాక వెళ్లిపోతే మాత్రం వెలి. ఒకే ప్రేమ, ఒకే కుర్రాడు, కానీ ఈ ఒక్క తేడాతో అవి రెండు వేర్వేరు కథలు.

రచయిత ఈ సంగతి సూటిగా చెప్పకపోతే ఆనవాళ్లు పట్టుకోండి. రుమ్‌స్ప్రింగా అని వస్తే ఇంకా తీసుకోలేదని అర్థం. పదహారేళ్లకు మొదలై బాప్తిస్మంతోనో పెళ్లితోనో ముగిసే వయసు అది. టీవీ కార్యక్రమాలు చూసి దాన్ని తాగి తిరిగే కాలమనుకోకండి, ఎక్కువమందికి అది ఆదివారం సాయంత్రం పాటల కూటానికి వెళ్లి, ఎవరి బగ్గీలో ఇంటికి రావాలో తేల్చుకునే కాలం. ఇన్‌స్ట్రక్షన్ క్లాసులు, అంటే బాప్తిస్మానికి ముందు నేర్పే పాఠాలు, అన్న మాట వస్తే బాప్తిస్మం దగ్గర్లోనే ఉందన్నమాట. ఇక పెళ్లయినవాళ్లయితే వెతకక్కర్లేదు. ఇద్దరూ బాప్తిస్మం పొందితే తప్ప ఆ సంఘంలో పెళ్లి జరగదు.

వెలి సన్నివేశం వచ్చినప్పుడు నెమ్మదిగా చదవండి, ఈ తరహా నవలల్లో మంచి రచయిత పనితనం తెలిసేది అక్కడే. వెలి అంటే మాటలు మానేయడమని మనం అనుకుంటాం. మాట్లాడతారు. కలిసి ఒకే బల్ల దగ్గర తినరు, ఆ మనిషి చేతి నుంచి ఏదీ అందుకోరు. కూతురు గిన్నె చాపితే తల్లి చేయి చాచదు. కూతురు గిన్నెను బల్ల మీద పెట్టాక తీసుకుంటుంది. కొన్ని ఇళ్లలో రెండు బల్లలు దగ్గరగా జరిపి, మధ్యలో కాస్త సందు వదిలి, పైన ఒకటే గుడ్డ పరుస్తారు. నియమం నియమంగానే ఉంటుంది, బిడ్డ ఎదురుగానే ఉంటుంది. ఇలాంటి వివరం ఒక్కటీ లేకుండా ఏడుపులతోనే నడిపిస్తే, ఆ రచయిత వినికిడి మీద రాస్తున్నట్టు లెక్క.

రెండో పని, కథకు క్యాలెండరు గీసుకోవడం. బాప్తిస్మానికి ముందు 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రకటనలోని 18 అంశాలు నేర్పుతారు, విడతకు రెండు చొప్పున తొమ్మిది విడతలు. ఆరాధన రెండు వారాలకోసారి కాబట్టి ఇది ఇంచుమించు 18 వారాలు, అంటే వేసవంతా పడుతుంది. శరదృతువులో బాప్తిస్మం, ఆ వెనక ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన), ఆపైన పెళ్లిళ్లు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో పెళ్లిళ్లు ఎక్కువగా కోతలైపోయాక, నవంబరులో, డిసెంబరు మొదట్లో, మంగళవారమో గురువారమో జరుగుతాయి. జూన్‌లో అమ్మాయి క్లాసులకు వెళ్తోందంటే ఆమెకు మిగిలిన గడువెంతో మీరే లెక్కేయవచ్చు. ఆమె మనసు మార్చుకునే అధ్యాయం సెప్టెంబరులో వస్తే ఉత్కంఠ, నవంబరులో వస్తే విపత్తు. నిశ్చయమైన సంబంధాన్ని సంఘంలో ప్రకటించేదాకా గుట్టుగా ఉంచుతారు గనుక, నాన్న పెరట్లో ఏటికన్నా ఎక్కువ సెలరీ అనే కాడకూర నాటాడని ఓ వాక్యం వస్తే గుర్తుపెట్టుకోండి. పెళ్లి భోజనానికి సెలరీ కట్టలకొద్దీ కావాలి. ఇరుగుపొరుగు ఆ మడి చూసే పెళ్లి పసిగడతారు, మీరూ పసిగట్టొచ్చు.

పేర్ల దగ్గర అందరూ తికమకపడతారు. లాంకాస్టర్ కథల్లో స్టోల్ట్‌ఫస్, లాప్, బైలర్, ఫిషర్, కింగ్ అనే ఇంటిపేర్లే తిరుగుతుంటాయి. ఒహాయోలోని హోమ్స్ కౌంటీకో ఇండియానాకో వెళ్తే యోడర్, మిల్లర్, ట్రోయర్. పిలిచే పేర్లు కూడా శారా, కేటీ, రేచల్, శామ్యూల్, ఆమోస్ లాంటివే మళ్లీ మళ్లీ. ఒక సగం కాగితం మీద వంశవృక్షం వేసుకోండి. ప్రతి పేరు పక్కన మూడే గుర్తులు చాలు: వయసు, బాప్తిస్మం అయిందా, సంఘంలో పదవి ఉందా. పదవి ఎందుకంటే, బోధకుడు చదువుకుని ఉద్యోగంలో చేరినవాడు కాదు, చీటీ పడి వచ్చినవాడు. ప్రతిపాదించిన పేర్లు ఎన్నో అన్ని పాటల పుస్తకాలు వరుసగా పెడతారు, ఒకదాంట్లో చీటీ ఉంటుంది. అది ఎవరి చేతికొస్తే వాళ్లకు జీతం లేని, జీవితాంతపు బాధ్యత. నవలలో ఆ పుస్తకం తెరిచే మొగుణ్ని చూసి భార్య ఏడ్చిందంటే సంతోషంతో కాదు.

మాటల పట్టిక పుస్తకం ముందో వెనకో ఉంటుంది, ఈ-బుక్ అయితే మొదలుపెట్టేటప్పుడే అక్కడ బుక్‌మార్క్ పెట్టుకోండి. దాట్ అంటే నాన్న, మామ్ అంటే అమ్మ, దావ్డీ హౌస్ అంటే పెద్దవాళ్లకు పక్కనే కట్టే చిన్న ఇల్లు, కాప్ అంటే ఆడవాళ్ల తెల్ల టోపీ. ఆర్డ్‌నుంగ్ అంటే సంఘ నియమావళి. చాలామటుకు రాతలో ఉండదు, ఒక్కో సంఘానికి ఒక్కోలా ఉంటుంది, అందుకే ఒక నవలలో తప్పయిన ఫోను ఇంకో నవలలో పొలం గట్టున చిన్న గదిలో కనిపిస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు అంటే బ్రిటన్‌వాళ్లు కాదు, ఆమిష్ కానివాళ్లెవరైనా సరే. మన గుంటూరు కుర్రాడు వెళ్లి నిలబడ్డా వాళ్ల లెక్కలో ఇంగ్లిష్‌వాడే. మెన్నోనైట్‌లు అంటే మళ్లీ వేరు. ఆనబాప్తిస్టు మూలం ఒకటే అయినా కార్లు నడిపే, కాలేజీలకెళ్లే మెన్నోనైట్‌లు బోలెడుమంది. మహబూబ్‌నగర్ వైపు ఉన్న మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు కూడా ఆ విస్తృత కుటుంబంలోవే. ఆమిష్ నవలలో మెన్నోనైట్ పిన్ని వచ్చిందంటే, విశ్వాసం వదలకుండానే బయటపడే దారి ఒకటుందని రచయిత చూపిస్తున్నట్టు.

ఒక హెచ్చరిక. ఈ నవలలు రాసేవాళ్లలో అత్యధికులు ఆమిష్‌లు కారు, రక్షణ పొందానని ఎవరికి వారు నిశ్చయంగా చెప్పుకోవడానికి పెద్దపీట వేసే ఇవాంజెలికల్ క్రైస్తవులు. అందుకే నాయిక చివర్లో 'నాకు రక్షణ నిశ్చయంగా దొరికింది' అని ధైర్యంగా ప్రకటిస్తుంది. అసలు ఆమిష్‌లు అలా అనడాన్ని గర్వమనుకుంటారు, నిరీక్షణ, అంటే ఆశ, ఉంది అనడంతో సరిపెట్టుకుంటారు. ఆ సన్నివేశం రచయిత నమ్మకమని గుర్తిస్తే చాలు, పుస్తకం పడేయక్కర్లేదు. శిఖరం ఉన్న చర్చి భవనంలో ఆమిష్ ఆరాధన, ఆ ఆరాధనలో పియానో, ఆమిష్ భర్తకు మీసం, ఈ మూడింట్లో ఏదొచ్చినా మాత్రం అనుమానించండి. ఆరాధన ఇళ్లలోనో కొట్టాల్లోనో జరుగుతుంది, వాయిద్యాలుండవు, పెళ్లయిన మగాళ్లు గడ్డం పెంచి మీసం తీసేస్తారు.

గుర్రబ్బండి ఉంది కదా అని కాలం కూడా పాతదనుకోవద్దు. ఆమిష్ నవలలు ఎక్కువభాగం నేటి కాలానివే. అసలైన చారిత్రక ప్రేమకథలు వేరే అర, వాటిని చదివే పద్ధతి కూడా వేరు. అక్కడ ముందు చూడాల్సింది సంవత్సరం, ఆ తర్వాత భూమి. అమెరికాలో ప్రభుత్వ భూమిని సాగు చేసేవాళ్లకు పంచిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు దక్కాలంటే ఐదేళ్లు అక్కడ కాపురముండి సాగు చేయాలి. పెళ్లికాని స్త్రీకి ఇరవై ఒక్కేళ్లు నిండితే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వితంతువూ పెట్టుకోవచ్చు. భర్త ఉన్న స్త్రీకి మామూలుగా ఆ వీలు లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే, ప్రెయిరీ (గడ్డిమైదానాల) కథల్లో నాయిక పెళ్లి ఎందుకు వాయిదా వేస్తోందో, ఊళ్లో వడ్డీవ్యాపారి ఎందుకంత తొందరపెడుతున్నాడో తెలిసిపోతుంది. జనెట్ ఓక్ 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'లో భర్తను పోగొట్టుకున్న నాయిక, తల్లిలేని పిల్ల ఉన్న మనిషిని ప్రేమ లేకుండానే పెళ్లాడుతుంది. చలికాలం ముంచుకొస్తోంది, తిరిగెళ్లడానికి బండ్లు వసంతందాకా లేవు. తలదాచుకోవడానికి చేసుకున్న ఇలాంటి పెళ్లి ఈ తరహాలో పదేపదే వస్తుంది, దాన్ని కృత్రిమమని కొట్టిపారేయకముందు నెలా దూరమూ లెక్కచూడండి.

ఈ కథల కింద తరచూ ఒక బైబిలు కథ ఉంటుంది. వితంతువు, పొలం, పెద్ద వయసు రైతు కలిస్తే రూతు గ్రంథం, నాలుగే అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. క్రైస్తవులు కాని పాఠకులు ముందు అది చదివి మొదలుపెడితే సగం ప్రస్తావనలు వాటంతటవే తెలుస్తాయి. ఫ్రాన్సిన్ రివర్స్ 'రిడీమింగ్ లవ్' బైబిల్లోని హోషేయ గ్రంథం మీద కట్టింది, 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల కాలం. ఇవన్నీ ముద్దుతో ఆగే శుభ్రమైన కథలని నమ్మి దాన్ని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, పసిదాని మీద లైంగిక దౌర్జన్యం అందులో కథకు మూలం. ఆ నవల 1991లో సాధారణ మార్కెట్‌కి, 1997లో కొంత మార్చి క్రైస్తవ మార్కెట్‌కి వచ్చింది. పాత కాపీ కొనేటప్పుడు ముద్రణ సంవత్సరం చూడండి.

కొనేటప్పుడు జరిగే పెద్ద నష్టం సిరీస్ మధ్యలో దూకడం. బెవర్లీ లూయిస్ 'ద షన్నింగ్' (1997) తర్వాతే ఈ తరహాకు గిరాకీ పెరిగింది, కానీ అది మూడింట్లో మొదటిది మాత్రమే. అక్కడ ఆపితే నాయిక ఇంకా దారిలోనే ఉంటుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల దగ్గర విడి కాపీలు దొరికినప్పుడు వీపు మీద అంకె, లోపల టైటిల్ పేజీ ఎదురుగా ఉండే జాబితా, రెండూ చూడండి. అంకె లేకపోతే వెనక అట్ట చదివి, నాయికకు అప్పటికే పెళ్లయి ఉంటే పక్కన పెట్టేయండి, ఆ పెళ్లి ఎలా జరిగిందో ముందు భాగంలో ఉంటుంది. మూడు నవలలు ఒకే అట్టలో వచ్చే సంపుటాలు చవకగా పడతాయి, వాటిలో ఈ బాధ తక్కువ. క్రిస్మస్ చిన్న నవలల సంకలనాలు మాత్రం చివరికి ఉంచుకోండి, వాటిలో పాత సిరీస్ పాత్రలే పెళ్లాం పిల్లలతో భోజనానికి వస్తుంటారు.